రెండు కమలాపండ్లు

మా మరమగ్గాల మేస్త్రి ఏది ఇచ్చినా రెండు చేతులతో ఇచ్చేవాడు. మగ్గాలు బిగించడానికి సూరత్ వచ్చిన చైనా ఇంజనీరును చూసి నేర్చుకున్నాడు. ఏటా చైనావాళ్ల కొత్త సంవత్సరం రోజున, అదే ఊళ్లో వడోద్ బస్తీలోని మా ఇంటికి అదృష్టమంటూ రెండు కమలాపండ్లు తెచ్చేవాడు.

ఈసారీ తెచ్చాడు. "చెల్లె, ఇయ్యాల ఇల్లు ఊడ్వకు. ఇంట్లకొచ్చిన అదృష్టం చెత్తతోని పోతది," అని మా ఆవిడకు చెప్పాడు. ఆమె పండ్లు దేవుడి ముందు పెట్టి, రోజంతా చీపురు ముట్టలేదు.

మర్నాడు కార్ఖానా గేటుకు, పనిలోంచి తీసేసినవాళ్ల జాబితా అంటించారు. మొదటి పేరు నాదే. చేతిరాత మేస్త్రిది. తేదీ మూడు రోజుల కిందటిది.

ఆ పండ్లు తీసుకెళ్లి ఆయన గడప మీద ఒంటిచేత్తో పెట్టాను. ఇంటికొచ్చి మా ఆవిడతో అన్నాను:

"ఇగ ఊడ్వు."