దీర్ఘం లేని దరఖాస్తు

మా ఊళ్లో ఎవరికి ఏ కష్టమొచ్చినా ముందు నా దగ్గరికి, తర్వాత దేవుడి దగ్గరికి వెళ్లేవారు. ఇద్దరి దగ్గరా ఫలితం ఒకటే కాబట్టి దగ్గరున్నవాడితో మొదలుపెట్టేవారు. నేను ఊరి బడిలో తెలుగు చెప్పేవాణ్ని. చేతిరాత గుండ్రంగా ఉంటుందని పేరు. ఆ పేరు పుణ్యమా అని వీధి దీపం వెలగకపోయినా, పింఛను ఆగిపోయినా, బస్సు ఆగకపోయినా కాగితం నేనే రాయాలి. వాటిని వినతి పత్రాలంటారు. పదేళ్లు రాశాక తెలిసింది, అందులో ఒక్క అక్షరం మారిస్తే వాటి అసలు పేరు వస్తుందని: వినని పత్రాలు.

విమానాశ్రయం తెరిచి అప్పటికి నాలుగేళ్లు కావస్తోంది. శంషాబాద్ దాటి తొండుపల్లి వైపు వస్తుంటే బోర్డుల మీది బాణం గుర్తులన్నీ విమానాలనే చూపించేవి. మా ఊరి పేరు ఏ బోర్డు మీదా లేదు. విమానాలకు ఆశ్రయం దొరికింది, మాకు విమానాల నీడ దొరికింది. అదీ రెప్పపాటు సేపే.

సర్పంచి పదవీకాలం ముగిసింది, ఎన్నికలు జరగలేదు. ఊరిని ఒక ప్రత్యేకాధికారికి అప్పగించారు. ఆ రోజుల్లో మా ప్రాంతమంతా 'ప్రత్యేక' అన్న మాట కోసం రోడ్డెక్కి ఉంది. రాష్ట్రం సంగతి తేలకముందే మాకు అధికారి మాత్రం ప్రత్యేకమైపోయాడు. ఆయనకు ఇంకో నాలుగు ఊళ్లు కూడా ఉండటం వల్ల, ప్రత్యేకంగా ఉన్నాడే గానీ ప్రత్యక్షంగా ఎన్నడూ కనబడలేదు. ఆయన బదులు పంచాయతీ కార్యదర్శి వచ్చి సంతకాలు తీసుకొని వెళ్లేవాడు.

ఆ ఏడు ఎండలు ముదరకముందే బడి వరండాలో గ్రామసభ పెట్టారు. ఊరి బాగుకు ఏం చేయాలో ఎవరికి తోచింది వాళ్లు చెప్పమన్నాడు కార్యదర్శి. రాసుకునే పని నాది.

మా ఊరివాళ్లకు తోచకపోవడం అంటూ ఉండదు. విమానాలు ఏ వేళకు దిగుతాయో పట్టిక ఇస్తే ఆ వేళకు ముందే బర్రెలు పిండుకుంటామని ఒకాయన అన్నాడు. చప్పుడుకు బెదిరి బర్రె కాలు విసురుతోందట. ఇంకొకాయన, బోర్డుల మీద లేకపోతే పోయింది, డాబాల మీద ఊరి పేరు పెద్ద అక్షరాలతో సున్నంతో రాద్దామన్నాడు. పైన పోయేవాళ్లయినా చదువుతారని. కిందినుంచి చూసేవాళ్లకు ఎలా అని ఎవరో అడిగితే, కింద ఉన్నవాళ్లకు తమ ఊరేదో తెలుసు కదా అన్నాడు. నాకు ఆ తర్కం నచ్చింది. రాసుకున్నాను. ఒక కుర్రాడు వైఫై కావాలన్నాడు. వాళ్ల నాయనమ్మ అదేదో మందనుకొని, దవాఖానలోనే ఇస్తారేమో కనుక్కోమంది.

అందరూ లేచిపోయాక, ఆఖరి గల్లీలో ఉండే అక్క నా బల్ల దగ్గరికి వచ్చింది. వరసకు అక్క. విమానాశ్రయంలో ఊడ్చి తుడిచే పని చేసేది. ఇంట్లో ఆమె, మంచం పట్టిన అత్త, ఇద్దరే.

ఊళ్లోకి వచ్చిన నీళ్ల పైపు సరిగ్గా మా ఇంటి దగ్గర ఆగిపోయింది. ఆ గౌరవం నాకెందుకు దక్కిందో నాకూ తెలియదు. మా ఇంటికి అవతల ఆఖరి గల్లీలో పన్నెండిళ్లు. వాళ్లకు రోజు విడిచి రోజు ట్యాంకరు వచ్చేది, పొద్దున ఆరున్నరకు. అక్కను పనికి తీసుకెళ్లే వ్యాను పెద్ద రోడ్డు మీదికి ఆరింటికే వచ్చి పోయేది. కొన్నిసార్లు పక్కింటామె అక్క బిందెలు కూడా పట్టి పెట్టేది. ఆమె తోటల్లోకి కూలికి పోయిన రోజు మాత్రం అక్క ట్యాంకరు కోసం ఆగి, వ్యాను పోగొట్టుకొని, ఆటోలు మారి ఆలస్యంగా పనికి చేరేది. మా నల్లా దగ్గర పట్టుకొమ్మని నేను ఎప్పుడో అన్నాను. మూడు రోజులకోసారి సన్నగా కారే నీళ్లు మీకే చాలవు, నాకిస్తే తక్కిన పదకొండిళ్లవాళ్లకు ఏం చెప్తావని ఆమే వద్దంది.

"ఇంకో మూడుసార్లు ఆలస్యమైతే ఇగ రావద్దన్నరు తమ్మీ. ట్యాంకరు సాయంత్రం వచ్చెతట్టు జేస్తే సాలు. గంతే రాయి."

గంతే రాస్తే నేను రచయితను ఎలా అవుతాను? చిన్నది అడిగితే అసలే ఇవ్వరు, పెద్దది అడిగితే చిన్నదైనా ఇస్తారని ఆమెకు బోధించాను. ట్యాంకరు అనేది తాత్కాలికం, నల్లా అనేది శాశ్వతం అన్నాను. ఆమె నా మొహంలోకి కాసేపు చూసి, అక్కడ తాను పని చేసే చోట నల్లాలకు కండ్లున్నాయని, చెయ్యి చూస్తే చాలు నీళ్లు విడుస్తాయని చెప్పింది. చెయ్యి చాపితే పని జరిగే చోటు మన పక్కనే ఉన్నందుకు నాకు సంతోషం కలిగింది. ఆ సంతోషంలో రెండు పేజీలు రాశాను. నీరే ప్రాణాధారమని మొదలుపెట్టి, పంచభూతాలను వరసగా పిలిచి, విమానానికి రన్‌వే ఎట్లాగో గృహిణికి జలధార అట్లాగని ఒక ఉపమానం కూడా దించాను. ట్యాంకరు వేళ సంగతి ఎక్కడా రాలేదు. అంత చిన్న మాట పట్టే చోటు ఆ రెండు పేజీల్లో లేదు.

నెల తిరక్కుండానే నీళ్ల ఆఫీసు నుంచి జవాబొచ్చింది. నా పత్రాల చరిత్రలో అదే మొదటి జవాబు. కార్యదర్శి చేత వరండాలో నలుగురి ముందు చదివించాను. ఆయన ఇలా చదివాడు: "మీ గ్రామములోని ఆఖరి వాడకు నల్ల నీళ్లు రావడం లేదని తెలియజేసినందుకు సంతోషము. ఇకముందు కూడా రాకుండా తగు జాగ్రత్తలు తీసుకొనబడును. ఇంతటితో మీ ఫిర్యాదు పరిష్కరించబడినది."

నేను నకలు తీసి చూసుకున్నాను. 'విషయం' అన్న చోట, నా గుండ్రటి అక్షరాలతో, 'నల్ల నీళ్లు రాకపోవుట గురించి' అని ఉంది. 'నల్లా'లో ఉండాల్సిన దీర్ఘం లేదు. ఆఫీసుల్లో విషయం అన్న వాక్యం చదివితే విషయం అయిపోయినట్టే. కింద ఉన్న పంచభూతాల జోలికి ఎవరూ పోలేదు. పిల్లల రాతల్లో ఒక్కో దీర్ఘానికి అరమార్కు కోసే చెయ్యి ఇది. బర్రె కాలు విసురుతోందని చెప్పిన ఆయన, సారు రాసింది అబద్ధం కాదు గదా, ఆ గల్లీకి నల్ల నీళ్లూ రాలేదు, తెల్ల నీళ్లూ రాలేదు అని నన్ను సమర్థించాడు. అలాంటి సమర్థన కంటే తిట్టు నయం.

అక్క ఆ లోపల ఒకసారి ఆలస్యమైందని, ఇంక రెండే మిగిలాయని చెప్పి వెళ్లిపోయింది.

ఈసారి దీర్ఘాలతో పని లేకుండా చేయాలనుకున్నాను. ఆఫీసులో ఉన్నాయన కోస్తావైపు మనిషని కార్యదర్శి చెప్పాడు. అటువైపు నల్లాను కుళాయి అంటారు. కాబట్టి 'కుళాయి సౌకర్యము కల్పించుట' అని రాశాను. దీర్ఘం ఉంది, గాంభీర్యం ఉంది. గల్లీవాళ్ల సంతకాల కోసం మళ్లీ అందరినీ వరండాలో కూర్చోబెట్టి చదివి వినిపించాను. ముందు వరసలో ఉన్న పెద్దాయన వేలిముద్ర కోసం చాపిన బొటనవేలు వెనక్కి తీసుకున్నాడు.

"కుల్లాయిలు మాకెందుకు సారూ? పెట్టిన టోపీలు సాలయా?"

చలికాలంలో పిల్లల నెత్తిన పెట్టే టోపీని మా దిక్కు కుల్లాయి అంటారు. ఎండాకాలంలో ఊరంతటికీ ప్రభుత్వం టోపీలు పంచాలని నేను అడుగుతున్నట్టు ఆయనకు వినబడింది. కుళాయి అంటే నల్లాయే అని అర్థం చెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. అయితే నల్లా అనే రాయరాదా అన్నాడాయన. నల్లా అని రాస్తే ఏమైందో నాకంటే ముందు పక్కనున్నవాళ్లే చెప్పారు. ఆయన నవ్వీ నవ్వీ వేలిముద్ర నా చొక్కా మీద వేశాడు.

రెండో పత్రానికీ జవాబొచ్చింది. కుళాయి కావాలంటే సర్పంచి తీర్మానం జతచేయాలట. సర్పంచి లేడు. లేని పక్షంలో ప్రత్యేకాధికారి సంతకం చాలట. ప్రత్యేకాధికారి ఉన్నాడు గానీ ఏ ఊళ్లో ఉన్నాడో ఆయన మిగతా ఊళ్లకు తెలియదు. పోనీ ట్యాంకరు వేళైనా మార్చమని నోటిమాటగా కార్యదర్శిని అడిగాను. వేళలు పైనుంచి నిర్ణయమవుతాయన్నాడు. పైనుంచి మాకు ఇప్పటిదాకా వచ్చింది విమానాల చప్పుడొక్కటే.

ఒక ఆదివారం పొద్దున ఆ జవాబు కాగితం పట్టుకొని ఆఖరి గల్లీకి వెళ్లాను. అక్కకు ఆ రోజు సెలవు. ట్యాంకరు ముందు బిందెలతో నిలబడి ఉంది. నన్ను చూసి, రెండోసారి కూడా అయిపోయింది తమ్మీ, ఇంక ఒక్కటే మిగిలింది అంది. ఇంకొన్నాళ్లు ఓపిక పట్టమని చెప్పడానికి వచ్చిన నేను కాగితం మడత పెట్టాను. ఆమె నా చేతిలోని కాగితాన్ని చూసింది. చూసి, నన్ను దాటుకొని ట్యాంకరు డ్రైవరు దగ్గరికి వెళ్లింది.

"అన్నా, గీ యాళ్లకే రావాలని నీకెవ్వలు జెప్పిన్రు?"

డ్రైవరు పైపు పట్టుకొని ఆలోచించాడు. "ఎవ్వలు జెప్పలే అక్కా. మొదటి దినం గీ యాళ్లకొచ్చిన, ఎవ్వలేం అనలే. ఇగ గట్లనే వస్తున్న."

"సాయంత్రం ఆరింటికి వస్తవా?"

"వస్త. సాయంత్రం బండి ఖాళీగనే ఉంటది. జర అందరు ఒక్క మాట మీదుండున్రి. రోజుకొకలు ఒక టైము జెప్తే నేను పరేషానైత."

అక్క వెనక్కి తిరిగి వరసలో ఉన్న ఆడవాళ్లను అడిగింది. కూలికి పోయేవాళ్లకు కూడా పొద్దున కుదరడం లేదట. ఇన్నాళ్లూ తక్కినవాళ్లకు పొద్దునే వీలేమో అని ఎవరికి వారు ఊరుకున్నారట. ఒకామె సాయంత్రం టీవీలో తన సీరియల్ పోతుందంది. అది ఏడింటికి కదా అని ఇద్దరు ముగ్గురు ఒకేసారి గుర్తు చేశారు. నేను తెచ్చిన కాగితం మడత విప్పేలోపు వ్యవహారం తేలిపోయింది. ఆమె మాటల్లో పంచభూతాలు లేవు, విషయం అన్న వాక్యం కూడా లేదు. ఉన్న దీర్ఘమల్లా ఆమె తీసిన ఊపిరే.

రెండు రోజుల తర్వాత సాయంత్రం ఆరింటికి ట్యాంకరు వచ్చింది. చూడటానికి వెళ్లాను. అక్క పని నుంచి వచ్చి, యూనిఫాం చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకొని బిందెలు నింపుతోంది. మర్నాడు పొద్దున ఐదున్నరకే రోడ్డు మీద ఉంటానంది. నా వంతుగా ఏదైనా చేయాలని, నీళ్ల ఆఫీసుకు కాకపోయినా కార్యదర్శికి ధన్యవాదాలతో ఒక కాగితం రాస్తానన్నాను. ఒక్క పేజీయే అని హామీ కూడా ఇచ్చాను.

అక్క బిందె కింద పెట్టి రెండు చేతులూ జోడించింది.

"ఏం రాయకు తమ్మీ, నీకు దండం పెడుత. రాస్తే ఆఫీసోళ్లకు ఎర్కయితది. ఎర్కయితే మల్ల పొద్దుగాలకు మారుస్తరు."

నేను రాయలేదు. ఆ ఎండాకాలమంతా ట్యాంకరు సాయంత్రమే వచ్చింది. అక్కకు వ్యాను మళ్లీ తప్పలేదు.