ఒకటిన్నర వేగంలో విన్న కాల్

2022 జూన్‌లో నన్ను హైదరాబాద్ రాయదుర్గంలోని ఒక కాల్‌సెంటర్‌కు సీనియర్ క్వాలిటీ ఆడిటర్‌గా వేశారు. ఉద్యోగంలో అదే నా చివరి మజిలీ. ఇంగ్లండ్‌లోని ఒక బీమా కంపెనీకి వచ్చే ఫోన్లను మావాళ్లు ఇక్కడి నుంచి ఎత్తేవారు. అక్కడ ఆఫీసులు తెరిచేసరికి మాకు మధ్యాహ్నం. అద్దాల గోడల మీద వాన జారుతుండేది. అన్ని గొంతులూ కలిసి ఎక్కడో దూరంగా ఏరు పారుతున్నట్టు వినిపించేది. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఆ ఏరు కూడా ఆగిపోయి, ఎవరివో వంటగదుల్లో, ఎవరివో పడకగదుల్లో నేనొక్కణ్నే తిరుగుతున్నట్టుండేది.

ఆడిటర్ పని వినడం. రికార్డైన కాల్స్‌లో కొన్నింటిని తీసి, విని, ఏజెంట్లకు మార్కులు వేయాలి. కొన్ని తప్పులను ఫేటల్ అంటాం. వాటిలో ఒక్కటి దొర్లితే మిగతా కాల్ ఎంత బాగున్నా సున్నాయే. డెడ్ ఎయిర్ అలాంటి తప్పు. అంటే లైన్లో కస్టమర్ ఉండగా ఏజెంటు పలకకుండా ఉండిపోవడం. గొంతు ఉన్నచోట తెర మీద గీత ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది, లేనిచోట చదునుగా ఉంటుంది. వినవలసినవి ఎప్పుడూ ఎక్కువే కాబట్టి ఆడిటర్లం ఒకటిన్నర రెట్ల వేగంతో వినేవాళ్లం. నిబంధన ఒప్పుకోదు, అలవాటు మాత్రం అందరిదీ.

ఆ అలవాటు నాకు ఆఫీసు బయట కూడా ఉండేది. మూసాపేటలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి వచ్చేలోపు ఫోన్‌లో బైబిలు లేఖనాల పఠనం వినేవాణ్ని. ఏడాదిలో మొత్తం పూర్తిచేస్తానని సంఘంలో నిలబడి చెప్పాను కనక అదీ ఒకటిన్నర వేగమే. భోజనాల వేళ మెట్ల మలుపు దగ్గర కొద్దిమందిమి ప్రార్థనకు కూడేవాళ్లం. అక్కడ నన్ను 'అన్నా' అనేవారు. దేవుని స్వరం వినడం ఎలాగో వాళ్లకు చెప్పే పెద్దను నేనే.

లావణ్య సిద్దిపేట వైపు అమ్మాయి. కూకట్‌పల్లిలో కిరాయి గదిలో ఉంటూ మా ఫ్లోర్‌లో కాల్స్ తీసుకునేది. అప్పటికే ఆమెకు హెచ్చరికలు అంది ఉన్నాయి. ఇంకో ఫేటల్ పడితే తీసేస్తారు. ఆ వానాకాలంలో ఒక జూనియర్ ఆడిటర్ ఆమె కాల్‌కు డెడ్ ఎయిర్ కింద ఫేటల్ వేశాడు. ఆమె డిస్ప్యూట్ పెట్టింది. ఏజెంటు డిస్ప్యూట్ పెడితే సీనియర్ ఆడిటర్ ఆ కాల్‌ను మొదటి నుంచి చివరి వరకు విని తుది నిర్ణయం చెప్పాలి. అది నా దగ్గరికి వచ్చింది.

విన్నాను. ఒకటిన్నర వేగంలో విన్నాను. చదును గీత వచ్చినచోట వేలు దానంతట అదే ముందుకు జరిపింది. కడప నుంచి వచ్చిన మా ఆపరేషన్స్ మేనేజర్ చంద్రశేఖర్ రెండుసార్లు నా సీటు దగ్గరికొచ్చాడు. "ఏం సార్, ఇంకా ఇంటానే ఉండారా? ఆ క్లయింటు నా ప్రాణం తీస్తాండాడు" అన్నాడు.

మెట్ల మలుపులో కళ్లు మూసుకుని, ప్రభువా, ఏం చేయాలో నువ్వే చెప్పు అన్నాను. అని ఊరుకోలేదు. నియమం నియమమే కదా అన్నాను, అందరికీ ఒకటే కొలత ఉండాలి కదా అన్నాను. ఆయన చెప్పవలసింది కూడా నేనే చెప్పేసి ఆమేన్ అన్నాను. గుండె తేలికైంది. పైకి వెళ్లి ఫేటల్‌ను ఖాయం చేశాను.

సాయంత్రం లావణ్య లిఫ్టు దగ్గర నిలబడి ఉంది.

"సార్, మొత్తం ఇన్నరా?"

"విన్నానమ్మా. ప్రార్థన కూడా చేశాను. నాకు నెమ్మది కలిగింది."

"మీకు కలిగింది సార్, మంచిదే. నౌకరి పోయేది నాది గద. నాకేం కలగాలె?" అంది. లిఫ్టు వచ్చింది. నేను ఎక్కలేదు.

ఆ వారమే ఆమెను తీసేశారు.

తర్వాత కొన్నాళ్లకు నా ఫోన్ అప్‌డేట్ అయింది. సెట్టింగులు పోయి పఠనం మామూలు వేగానికి వచ్చేసింది. రైలు అమీర్‌పేట దాటి పైవంతెన మీద సాగుతోంది. కింద ఊరంతా వానలో కరిగిపోతున్నట్టు ఉంది. ఫోన్ పాడైందేమో అనుకున్నాను. వాక్యానికీ వాక్యానికీ మధ్య చదివేవాడు ఊపిరి పీల్చుకుంటున్నాడు. అన్ని నెలలు విన్నాను, ఆయన ఊపిరి తీసుకుంటాడని నాకు తెలియదు. ఇంకో ఊపిరి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. అప్పుడు లోపల ఒక తలంపు కదిలింది. ఆ కాల్ మళ్లీ విను.

గొంతు వినబడలేదు, వెలుగేదీ కనబడలేదు. ఎవరో పక్కన కూర్చుని మామూలుగా చెప్పినట్టుంది. నాకు మాత్రం కలవరం పుట్టింది. దేవుడు నెమ్మదినిచ్చాక ఈ కలవరం సాతానుదే అయివుంటుందని, రైల్లోనే పెదాలు కదుపుతూ దాన్ని గద్దించాను. రాయదుర్గం దాకా గద్దిస్తూనే ఉన్నాను. అది వాదించలేదు, వెళ్లనూ లేదు. రోజూ అదే మాట, అదే నెమ్మదితో వచ్చేది.

చివరికి నా భార్య సునీతకు చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూ అంతా విని, తల ఎత్తకుండానే అంది. "మీకు నచ్చింది చెప్తే దేవుడు, నచ్చంది చెప్తే సాతానూ అన్నమాట. బాగుందండీ మీ లెక్క."

మర్నాడు ఆ కాల్‌ను మామూలు వేగంలో పెట్టాను. ఒక ముసలాయన భార్య పాలసీ గురించి అడుగుతున్నాడు. ఆమె చనిపోయిన తేదీ అడగడం నిబంధన. లావణ్య అడిగింది. ఆయన ఆగిపోయాడు. నేను దాటించిన చదును గీత అక్కడ మొదలైంది.

ఈసారి దానిలోపల కూర్చున్నాను. ఎక్కడో గడియారం కొట్టుకుంటోంది. కెటిల్‌లో నీళ్లు మరిగి, ఆ చప్పుడూ అణిగిపోయింది. ఆయన ఊపిరి ఎగిరెగిరి పడుతోంది. దాని కింద, తెర మీది గీత పట్టలేనంత సన్నగా లావణ్య గొంతు. "ఊఁ" అంటోంది. కాసేపాగి మళ్లీ "ఊఁ" అంటోంది. ఆయన తేదీ చెప్పాడు. తొందరపెట్టనందుకు సంతోషం అమ్మా అన్నాడు.

కస్టమర్ దుఃఖంలో ఉన్నప్పుడు ఏజెంటు తోడుగా ఏ శబ్దం చేసినా అది డెడ్ ఎయిర్ కాదని మా నియమాల్లోనే ఉంది. జూనియర్లకు ఆ నియమం బోధించేది నేనే.

మూసేసిన డిస్ప్యూట్‌ను తెరవాలంటే తప్పు ఆడిటర్‌దని ఆడిటరే రాసివ్వాలి. రాస్తే డిస్ప్యూట్లు తేల్చే అధికారం పోతుంది. చంద్రశేఖర్ తలుపు మూసి, "రిటైర్మెంటు ముందర ఇదేం పని సార్, ఎవురడిగినారు మిమ్మల్ని?" అన్నాడు. అడిగినవారెవరో అతనికి చెప్పలేదు. ఆ పేరును అప్పటికే ఒకసారి వాడుకుని ఉన్నాను. కాల్ మొత్తం వినకుండానే విన్నానని చెప్పానని రాసిచ్చాను. అధికారం పోయింది. లావణ్య రికార్డులో తొలగింపు కొట్టేసి, తిరిగి రమ్మని కబురు పంపారు. నేను విడిగా ఫోన్ చేసి, వినకుండా విన్నానన్నాను, క్షమించమ్మా అన్నాను.

"ముందే ఇంటే అయిపోతుండె గద సార్. ఎంత పరేషాన్ అయిన్నో ఎరుకేనా?" అంది. ఇగ రాను, వేరే దగ్గర ట్రైనింగ్‌ల చేరిన అంది. పెట్టేస్తుందనుకున్నాను. "ఒకటి చెప్పున్రి. ఆ తాత మంచిగున్నడా?"

తెలియదన్నాను.

"గదన్న చూడకపోతిరి" అంది.

నిజమే. ఆ కాల్‌ను మళ్లీ మొత్తం విన్నా ఆ ప్రశ్న నాకు తట్టలేదు.

ఆ ఉదంతం వల్ల నేర్చుకున్నది ఇది. ప్రార్థన ముగిశాక మనసు తేలికపడితే, ఆ బరువు దిగిపోయిందా, ఇంకొకరి మీదికి జరిగిందా అని చూస్తాను. నాకు అనుకూలం కాని తలంపును వెంటనే గద్దించను. ఆ ఏడాది పఠనం పూర్తి కాలేదు. ఆ మాట సంఘంలో లేచి చెప్పాను. ఇప్పుడు మామూలు వేగంలో వింటున్నాను. చాలా రోజులు ఏమీ వినిపించదు. ఆ రోజుల్లో వినిపించిందని ఎవరితోనూ చెప్పను.