చెల్లె లేని లెక్క

మొన్న మట్టెవాడలో మా ఇంటికి వచ్చిన మనుమరాలు, ఐసీయూలో డాక్టరు, తన పేషెంటు నాడి, బీపీ, రక్తపరీక్షల అంకెలు సెల్‌ఫోన్‌లో నొక్కగానే కింద మార్కుల మొత్తం పడింది. పాత అలవాటు కొద్దీ నేనూ కాగితం మీద కూడి చూశాను, సరిపోయింది, కాని సంతోషానికి బదులు మా చెల్లె గుర్తొచ్చింది.

నేను నర్సుగా ఉన్న కాలంలో ఇదంతా చేతిలెక్కే. ప్రాణాపాయంలో వచ్చినవారికి మొదటి రోజు పరీక్షలను బట్టి మార్కులు వేసి, ఎవరు బతుకుతారో ముందే తెలుస్తుందా అని మా పెద్ద డాక్టరుగారు పరిశోధన చేసేవారు, కూడికలో తప్పు చెయ్యనని ఆ పని నాకిచ్చారు. ఇక్కడ మార్కులు తక్కువొస్తేనే పాస్ అని వార్డులో నవ్వుకునేవాళ్లం.

ఆ వానాకాలం ములుగు దగ్గరి పల్లె నుంచి చెల్లెను జీపులో తెచ్చారు. జ్వరం ముదిరి, ఊపిరి అందకపోతే శ్వాస మిషను పెట్టారు. ఆమె మార్కులూ నేనే వేశాను. మళ్లీ కూడినా తగ్గలేదు.

వాళ్ల ఊళ్లో, బయట చనిపోయినవారి శవాన్ని ఇంటి గడప లోపలికి రానివ్వరు. అందుకని ఆశ లేదంటే ప్రాణముండగానే ఇంటికి తెచ్చుకుంటారు. చెల్లె పెనిమిటి, మా మరిది, వార్డు బయట నన్ను ఆపాడు.

"లెక్కలన్నీ నువ్వే కడతవు గద వదినా. ఉంటదంటే ఉంచుదం, లేదంటే పాణమున్నప్పుడే ఇంటికి తీస్కపోత. ఒక్కమాట చెప్పు."

అది వందమందికి కలిపి చెప్పే లెక్క, దానొక్కదానికి చెప్పేది కాదన్నాను.

"గా వందమందితోని నాకేం పని వదినా" అన్నాడు.

ఉంచమందామంటే ఆ మొత్తం నోరు నొక్కేసింది, తీసుకుపొమ్మందామంటే అన్నే మార్కులతో లేచి నడిచిపోయినవారు కళ్లముందు మెదిలారు. డాక్టరుగారు ఉంచమన్నారు గాని బతుకుతుందని మాటివ్వలేదు. సాయంత్రం దాకా చూసి, ఇంటికి తీసుకుపోతానని మరిది సంతకం పెట్టాడు. జీపులో చెల్లెకు ఊపిరందేలా చేత్తో గాలి సంచి ఒత్తుకుంటూ నేనూ వెళ్లాను. ఇంట్లో మంచం మీద పడుకోబెట్టాకే చెల్లె పోయింది.

పరిశోధన ముగింపులో, మధ్యలో ఇంటికి వెళ్లినవారిని వదిలేసి, దవాఖానలో ఏమైందో తెలిసినవారినే లెక్కలోకి తీసుకోవాలన్నారు. అది నియమం, తప్పుపట్టను. ఏమైందో తెలిసిన నేనే పట్టీలో చెల్లె పేరున్న వరుస కొట్టేశాను.

మొన్న మనుమరాలిని, పేషెంటు ఇంటివాళ్లు ఒక్కమాట చెప్పమంటే ఏం చెప్తావని అడిగాను. ఫోను బోర్లా పెట్టి, "అన్నం పెట్టు అమ్మమ్మా" అంది.

పెట్టాను. మా రోజుల్లో రక్తపరీక్షలు వచ్చి మొత్తం తేలడానికి కొంచెం ఆలస్యమయ్యేది. ఆ కాసేపు, ఏమీ తెలియకుండా, చెల్లె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఈ పిల్లకు ఆ కాసేపు కూడా లేదు.