తెల్ల శనివారాలు

పక్కింటావిడ తెల్లబట్టలను నీలిమందు నీళ్లలో జాడించి మేడ మీద ఆరేస్తుంటే ఆ తడి వాసన మా వంటింటి కిటికీ దాకా వస్తుంది. వాసనేమీ చెడ్డది కాదు. అయినా నేను కిటికీ మూసేస్తాను. నేనిప్పుడు చిరాగ్‌పల్లిలో పిల్లలకు లెక్కలు చెప్పే టీచర్ని, ఇద్దరు బిడ్డల తల్లిని. ఎంత పెద్దదాన్నయితేనేం, ఆ వాసన తగిలితే చాలు, శనివారం వచ్చిందేమోనని క్యాలెండర్ వైపు చూస్తాను. వెంటనే సరళ టీచర్ గుర్తొస్తుంది.

జహీరాబాద్‌లో నేను చదివిన ప్రైవేటు బడిలో ఆమె సోషల్ చెప్పేది. పొద్దున్నే గేటు దగ్గర నిలబడి యూనిఫాం చూసేదీ ఆమే. ఆ చూపు బూట్ల దగ్గర మొదలై జడ రిబ్బన్ల దాకా వచ్చేసరికి మా పైప్రాణాలు పైనే పోయేవి. మిగతా రోజుల్లో నీలం, శనివారం మాత్రం పైనుంచి కింది దాకా తెలుపు. ఆ తెలుపు ఆమె పెట్టింది కాదు. బడివాళ్లు తల్లిదండ్రులను పిలిచి అడిగితే, వచ్చిన నాన్నలంతా చేతులెత్తి ఒప్పుకున్నది. అందరికంటే ముందు చెయ్యెత్తింది మా నాన్న. ఝరాసంగం నుంచి జహీరాబాద్‌కు షేర్ ఆటో నడిపేవాడు. శనివారం సీటు రెండుసార్లు తుడిచి గానీ నన్ను కూర్చోబెట్టేవాడు కాదు. బిడ్డ తెల్లగా బడి ముందు దిగితే ఆయనకు అదో గొప్ప.

తొమ్మిదో తరగతికి వచ్చాక నాకు శనివారమంటే భయం పట్టుకుంది. ఒకసారి ప్రేయర్‌లో నేల మీద కూర్చుని లేచేసరికి వెనకాల మరక. స్నేహితురాలు పుస్తకాల సంచి అడ్డం పెట్టి నన్ను వేరే ఎవరిదో ఆటో దాకా తీసుకొచ్చింది. మళ్లీ ఎప్పుడు అలా అవుతుందో తెలియక, శనివారం వస్తే చాలు, కడుపునొప్పని ముసుగుతన్ని పడుకునేదాన్ని. నాన్నకు అసలు సంగతి తెలియదు.

"దీనికి సదువు మీద మనసు లేనట్టున్నది. దసరా దాక జూస్త, ఎనక బడి బంద్ చేయిస్త," అన్నాడు. అన్నాడంటే చేసే మనిషి.

అమ్మకు అన్నీ తెలుసు. "మీ నాయినకు గీ ముచ్చట ఎట్ల జెప్పాలె బిడ్డా," అని నిట్టూర్చి అల్లం చేనుకు పనికి పోయేది. నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చేవి. చెప్పే ధైర్యం నాకు మాత్రం ఎక్కడిది?

ఒక శనివారం తెగించి, నాన్న ఆటో ఎక్కకుండా, నీలం డ్రెస్సులోనే వెళ్లాను. సరళ టీచర్ గేటు దగ్గర ఆపింది.

"తెల్లది ఏది?"

"ఎర్రమట్టి అంటింది టీచర్." మా వైపు నేలంతా ఎరుపే కాబట్టి పెద్ద తరగతి ఆడపిల్లలందరం చెప్పే సాకు అది.

"అందరికి శనివారమే అంటుతదా మట్టి?"

నేను తలెత్తలేదు. ఆమె పక్కకు జరిగి దారి ఇచ్చింది. "లోపటికి పో. ప్రేయర్ల జర ఎనక నిలబడు," అంది. తిప్పి ఇంటికి పంపనందుకు సంతోషించాలో, ఆమెకు తెలిసిపోయినందుకు సిగ్గుపడాలో తోచలేదు.

ఆ తర్వాతి పేరెంట్స్ మీటింగులో యూనిఫాం మార్చుదామా అని ఆమే కదిపింది. నేను నాన్న వెనక నక్కి కూర్చున్నాను. "తెలుపే ఉంచున్రి సార్, పిల్లలు మంచిగ కనబడ్తున్నరు," అన్నాడు నాన్న. మిగతావాళ్లూ తలలూపారు. గది నిండా మగవాళ్లు. అసలు కారణం ఆమె నోటికీ రాలేదు. "దినాం ఉతికేటోళ్లు తల్లులు. వాళ్లను సుత అడుగుదాం," అంది.

కరస్పాండెంట్ సార్ నవ్వాడు. "బట్టల రంగుకు ఆడోళ్ల మీటింగా టీచరమ్మా? సరే, పెట్టున్రి. వాళ్లు ఏం అనకుంటే గీ ముచ్చట మళ్ల ఎత్తొద్దు."

తల్లులు వచ్చారు. చేను పని మానుకుని అమ్మ కూడా వచ్చి నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. తలుపు దగ్గర నిలబడిన సార్‌ను చూసి, "మీరు ఆఫీసుల కూసోండి సార్, నేనొచ్చి జెప్త," అంది సరళ టీచర్. తలుపు వేసి, "శనివారం తెలుపు ఉంచుదామా, వద్దా?" అని అడిగి ఊరుకుంది. ఎవరూ పెదవి విప్పలేదు. అమ్మ మాట్లాడకపోతే దసరాకు నా చదువు అయిపోయినట్టే. మాట్లాడితే ఇంతమందిలో నేను తలెత్తుకునేదెలా? టీచర్ మళ్లీ అడగలేదు, మీటింగూ ముగించలేదు. అలాగే నిలబడింది.

చివరికి అమ్మే నేల చూస్తూ అంది. "తెలుపొద్దు టీచర్. ఎందుకొద్దో ఆడిపిల్ల తల్లులందరికి ఎర్కే. నా బిడ్డ గందుకే బడికి వస్తలేదు."

నేను కళ్లు మూసుకున్నాను. ఎవరూ నవ్వలేదు. బుర్కా వేసుకున్న ఒకామె, "మా పిల్ల సుత గంతే. శనివారం వస్తే ఏడుస్తది," అంది. ఇక అందరూ ఒక్కసారే మొదలుపెట్టారు. శనివారానికి కూడా ముదురు నీలమే ఖాయం చేసుకుని లేచారు.

ఆ సాయంత్రం అమ్మ నాన్నకు ఏం చెప్పిందో తెలియదు. మర్నాడు ఆటో నడుపుతూ ఆయన నా వైపు చూడకుండా, "నాకేం ఎర్క బిడ్డా. ముందు చెయ్యెత్తింది నేనే," అన్నాడు. బడి బంద్ మాట మళ్లీ రాలేదు.

చాలా ఏళ్లకు, నేను టీచరయ్యానని చెప్పడానికి సరళ టీచర్ దగ్గరికి వెళ్తే, ఆ మీటింగు ప్రస్తావన వచ్చింది. "మీ అమ్మ మాట్లాడేదాక కాళ్లు వణికినయ్ నాకు. కుర్చీ పట్టుకొని నిలవడ్డ," అంది. ఆ రోజు ఆమె కూడా భయపడిందని నాకు అప్పటిదాకా తట్టనే లేదు.

మొన్న మా బడిలో ఆడపిల్లల ఆటల డ్రెస్సు గురించి తల్లులను పిలిచాను. అడిగాను. అందరూ నేల చూపులు చూశారు. ఇక చాలించమని పక్క టీచర్ సైగ చేసింది. పక్కనున్న కుర్చీని గట్టిగా పట్టుకున్నాను. అక్కణ్నుంచి కదల్లేదు. ఎంతసేపటికో చివరి వరుసలో ఒకామె కొంగు సర్దుకుని, "టీచర్, ఒక మాట జెప్పొచ్చా?" అంది.