బ్యాంకాక్‌లో నేను మర్చిపోని గొడుగు

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. నమ్మకపోవడానికి గట్టి కారణమే ఉంది. మా వైపు తిరిగే దయ్యాల్లో ఒకదాన్ని తయారు చేసింది నేనే.

చాలా ఏళ్ల క్రితం చిలకలపూడిలో టీ తాగుతూ, కోడూరు ఆఖరి బస్సెక్కి టికెట్ తీసుకుని, ఎక్కడా దిగకుండానే మాయమైపోయే ఆడమనిషి కథ ఒకటి అప్పటికప్పుడు అల్లి చెప్పాను. తడిసిన చీర, చంకలో చేపల బుట్ట, అన్నీ నేను పెట్టినవే. కొన్నాళ్లకు అవనిగడ్డలో ఒక పెద్దాయన నన్ను కూర్చోబెట్టి, అదే కథ వాళ్ల మేనమామకు జరిగిందని చెప్పాడు. బుట్టలో ఉన్నవి ఏ చేపలో కూడా చెప్పాడు. అది నాకే తెలియదు. నోరు మూసుకుని విన్నాను.

మా వీధిలో కుర్రకారు నన్ను కోతల మావయ్య అంటారు. ఇన్నాళ్లూ ఆ పేరంటే నాకు సరదాగానే ఉండేది. ఇప్పుడు చెప్పబోయేది జరిగాక మాత్రం ఆ పేరు నా మెడకు చుట్టుకుంది. ఒక్కసారి నిజం చెప్పాల్సి వస్తే, నమ్మే నాథుడు లేకుండా పోయాడు.

నాది రోల్డ్‌గోల్డ్ పని. హారాలు, గాజులు, జుమ్కీలు చేయించి ఊళ్లకు పంపుతుంటాను. మా ఆవిడ తులసి వాళ్ల అన్నయ్య వెంకటరత్నం బావకి గుడివాడలో ఫ్యాన్సీ షాపు ఉంది. సెట్లలో పొదిగే రాళ్లు బ్యాంకాక్ వెళ్లి కళ్లతో చూసి తెచ్చుకుంటే బాగుంటుందని ఇద్దరం అనుకున్నాం. రెండు రోజుల పని. నేను అంతకుముందు దేశం దాటలేదు. పాస్‌పోర్టు తీయించిందే ఈ ప్రయాణం కోసం.

బ్యాంకాక్ అనగానే మా బందరులో మగవాళ్లు నవ్వే నవ్వు ఒకటుంది. తులసి ఆ నవ్వులన్నీ చూసింది. "మా అన్నయ్య పక్కనుంటాడు గనక పంపిస్తున్నా" అంది. నవ్వుతూనే అంది గానీ, పూర్తిగా నవ్వు కాదది.

ఇక గొడుగు సంగతి చెప్పాలి. మా ఇంట్లో ఒక పాత నల్ల గొడుగుంది. దాని పిడి పగిలితే నేనే బంగారు పూత తీగ చుట్టి, చివర కనపడకుండా లోపలికి మడిచాను. గుడ్డ చిరిగిన చోట తులసి తన పాత నీలం జాకెట్టు ముక్క వేసి కుట్టింది. నల్ల దారం అయిపోయిందని ఎర్ర దారంతో కుట్టింది. అలాంటి గొడుగు ప్రపంచంలో ఇంకోటి ఉండదని అందరితో గొప్పగా చెప్పేవాణ్ని.

బయల్దేరేటప్పుడు తులసి గుమ్మంలో నిలబడి ఆ గొడుగు చూపిస్తూ పట్టుకెళ్లమంది. "దీంతో విమానం ఎక్కితే పక్క సీటువాళ్లు చిల్లరేస్తారే" అన్నాను. ఆవిడ విసుక్కుని దాన్ని గుమ్మం పక్క మేకుకు తగిలించింది. కారులో కూర్చున్న బావ కూడా చూశాడు. ఇది గుర్తుపెట్టుకోండి.

మొదటి రోజంతా రాళ్ల దుకాణాలతోనే సరిపోయింది. మమ్మల్ని తిప్పడానికి సలీం భాయ్ అని ఒక బ్రోకరు ఉన్నాడు. నెల్లూరు నుంచి వెళ్లి అక్కడే స్థిరపడిన మనిషి. రెండో రోజు మధ్యాహ్నం పని ముగించుకుని రోడ్డు మీదకు వచ్చేసరికి కుండపోతగా వాన. ఎదురుగా సందులో చిన్న భోజనం హోటల్ కనపడితే ముగ్గురం పరిగెత్తాం. ఆ హోటల్ సలీం భాయ్‌కి కూడా కొత్తే. ముందుగా దూరింది నేను.

లోపల యాభై దాటిన ఒకావిడ గరిటె పట్టుకుని పొయ్యి దగ్గరుంది. నన్ను చూడగానే ఆవిడ ముఖం విప్పారింది. గరిటె ఊపుతూ ఏదో చీవాట్లు మొదలుపెట్టింది. కోపం కాదు. చాలా రోజులకు వచ్చిన చుట్టాన్ని తిట్టే తిట్లు. భాష తెలియకపోయినా ఆ గొంతు తెలుస్తుంది కదా.

తర్వాత ఆవిడ ఒక కుర్చీ లాగి గోడ పక్కన వేసింది. నన్ను అందులో, ఎడమ భుజం గోడకు తగిలేలా కూర్చోబెట్టింది. పాలిష్ మిషన్ల దగ్గర ఏళ్ల తరబడి నిలబడి నా ఎడమ చెవి సరిగా వినపడదు. ఎక్కడ కూర్చున్నా ఆ చెవి గోడవైపు ఉండేలా చూసుకుంటాను. అది బయటివాళ్లెవరికీ తెలియదు. తర్వాత గ్లాసుతో వేడినీళ్లు తెచ్చి నా ముందు పెట్టింది. బావకీ, సలీం భాయ్‌కీ ఐసు నీళ్లు. చన్నీళ్లు నా గొంతుకు పడవు.

బావ గ్లాసు వైపు చూశాడు, కుర్చీ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఏం బావా, ఎన్నోసారి రావడం?" అన్నాడు.

నేను నవ్వేశాను. ఎవరినో చూసి పొరబడింది పాపం అన్నాను. ఇంతలో ఆవిడ లోపలికెళ్లి ఒక గొడుగు తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

నల్ల గొడుగు. పిడికి చుట్టిన పూత తీగ. నీలం ముక్క. ఎర్ర దారం.

ఆవిడ చెప్పింది సలీం భాయ్ తెలుగులో చెప్పాడు. "ఇంత ఆలస్యం చేశారేమని అడుగుతోందండీ. ఆ రోజు వాన వెలిసిందని గొడుగు మర్చిపోయి వెళ్లారంట. మీరొస్తారని దాచిందంట. మీ మిసెస్ గారికి మోకాలి నొప్పి తగ్గిందా అంటోంది. మెట్టెక్కలేక మీ భుజం పట్టుకుని వచ్చారంట కదా."

బావ గ్లాసు కింద పెట్టేశాడు. "మా చెల్లికి మోకాలి నొప్పెక్కడిది?" అన్నాడు. "అది విజయవాడ దాటి ఎరగదు. ఎవరు బావా ఆ మిసెస్సు?"

నేను ఒట్లు పెట్టుకున్నాను. సలీం భాయ్ చేత ఆవిణ్ని మళ్లీ మళ్లీ అడిగించాను. ఎవరో అనుకుని పొరబడలేదు కదా అంటే, ఆవిడ నా ఎడమ చెవి ముట్టుకుని పకపకా నవ్వింది.

తిరుగు విమానంలో బావ నా పాస్‌పోర్టు అడిగి తీసుకుని ప్రతి పేజీ తిప్పాడు. ఆ ప్రయాణం ముద్రలు తప్ప ఇంకేమీ లేవు. తిరిగిచ్చేస్తూ "రెండోది ఎక్కడ దాచావు?" అన్నాడు. ఇరవై ఏళ్ల నుంచి నా కోతలకు కడుపుబ్బా నవ్విన మనిషి, నేను నిజం చెబుతుంటే కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఇంటికెళ్లి చెల్లెలికి ఏం చెబుతాడో నాకు తెలుసు. ఆవిడ ఏమనుకుంటుందో కూడా తెలుసు.

దారంతా ఒకటే ఆశ. మేకు ఖాళీగా ఉండాలి. గొడుగు ఇంట్లో లేకపోతే, అదెలాగో అక్కడికి చేరిందని సరిపెట్టుకోవచ్చు.

గుమ్మం పక్కన మేకుకు గొడుగు వేలాడుతూనే ఉంది.

నేను చెప్పులు విడవకముందే బావ అంతా చెప్పేశాడు. కుర్చీ, వేడినీళ్లు, మిసెస్సు, ఏదీ వదల్లేదు. తులసి నా చేతిలో గొడుగు తీసుకుని కిటికీ దగ్గరికెళ్లి విప్పింది. ఆ కొద్దిసేపూ నా కాపురం ఆ గొడుగు కిందే ఉంది.

తులసిది ఎడమచేతి వాటం. ఆవిడ కుట్లు అందరి కుట్లలా కాక రెండో వైపుకు వాలతాయి. వాటి మీద వేలితో రాసి చూసుకుంది. పెట్టె తెరిచి ఆ నీలం జాకెట్టు బయటికి తీసింది. వీపు భాగంలో ముక్క కత్తిరించిన కంత ఒక్కటే ఉంది. మేకు మీది గొడుగు దించి, దాని ముక్కను ఆ కంతలో పెట్టి చూసింది. వంకరతో సహా సరిపోయింది. నేను తెచ్చిన గొడుగు ముక్క పెట్టింది. అదీ అంతే సరిపోయింది.

"అన్నయ్యా, ఇది నేను కుట్టిందే" అంది తులసి. "ఎప్పుడు కుట్టానో తెలీదు. కుట్టింది మాత్రం నేనే. ఆయన్నేం అనకు."

"మరి మోకాలు?" అన్నాడు బావ.

బావ కాఫీ తాగకుండానే గుడివాడ వెళ్లిపోయాడు. తర్వాత పండక్కి పిలిస్తే వచ్చాడు గానీ, నన్ను కథలు చెప్పమని అడగడం మానేశాడు.

ఇదంతా ఇక్కడితో ఆగిపోయి ఉంటే ఈపాటికి నేనే దీన్ని కోతగా మార్చి అమ్ముకునేవాణ్ని. మొన్న వర్షాల్లో తులసి పెరటి మెట్ల మీద పాచికి జారింది. ఎముక విరగలేదు గానీ కుడి మోకాలు పట్టేసింది. ఇప్పుడు గుమ్మం ఎక్కాలంటే నా భుజం పట్టుకుంటుంది. మొదటిసారి ఆవిడ చెయ్యి నా భుజం మీద పడినప్పుడు ఇద్దరం అక్కడే ఆగిపోయాం. ఇద్దరికీ ఆ హోటల్ ఆవిడ మాటే గుర్తొచ్చింది.

ఆ గొడుగు అక్కడికెలా వెళ్లిందో, ఆ హోటల్ ఆవిడ చూసింది ఎవరినో నాకు ఇప్పటికీ తెలియదు. ఎప్పుడు చూసిందో అంతకన్నా తెలియదు. అన్నిటికీ తడుముకోకుండా ఏదో ఒకటి కల్పించి చెప్పేవాణ్ని, దీనికి ఒక్క కారణం కూడా కల్పించలేకపోయాను. రెండు గొడుగులూ ఒకే మేకుకు తగిలిస్తూ వచ్చాం. ఏది ఇంట్లోదో, ఏది తెచ్చిందో ఇప్పుడు ఇద్దరికీ తేడా తెలియడం లేదు.

నిన్న సాయంత్రం మోకాలికి నూనె రాసుకుంటూ తులసి ఉన్నట్టుండి అడిగింది. "నాకూ ఒక పాస్‌పోర్టు తీయించరాదూ? ఆ హోటల్ ఆవిణ్ని ఒకసారి చూసొద్దాం."

నేను మేకు వైపు చూశాను.

"గొడుగు పట్టుకెళ్దామా, వద్దా?" అంది.