ఇంజిన్ ఆపుతారా?

సిస్టరక్క పోయింది. పోయిన వారం, నర్సాపురంలో, తమ్ముడి ఇంట్లో, నిద్రలో.

కబురు నాకు కంపెనీ బస్సులో తెలిసింది. సత్వాలో ఎక్కి దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో దిగేదాకా రోజూ కునికిపాట్లు పడుతూనే ఉంటాను. ఆ రోజు ఫోన్ మోగితే కళ్లు తెరిచి చూశాను. ఆమె మరదలు పంపిన వాయిస్ మెసేజ్. "అమ్మా, తెల్లారగట్ట ఇక్కడ కరెంటు పోయిందమ్మా. ఫ్యాన్లాగిపోయి ఉక్కకి ఇంటిల్లిపాదీ లేచి కూర్చున్నాం. వదినగారొక్కరే లేవలేదు..." అంతవరకు విని నేను ఒక్క క్షణం సంతోషించాను. నిజంగానే సంతోషించాను. తర్వాతి మాటలో ఏడుపు వినపడింది. పక్క సీట్లో ఉన్న ఫిలిప్పీన్స్ అమ్మాయి ఏమీ అడగకుండా దిగేదాకా నాకు టిష్యూలు అందిస్తూనే ఉంది.

ఆ సంతోషం ఎందుకో మీకు అర్థం కావాలంటే ఆమె ఎలాంటి మనిషో చెప్పాలి.

నేను నిజామాబాద్ నుంచి దుబాయ్ వచ్చింది కాపురం చెడిపోయాక. ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో కాగితాలు చూసే ఉద్యోగం. సత్వాలో ఆడవాళ్లు కలిసి ఉండే ఫ్లాటులో ఒక మంచం దొరికింది. పక్క మంచం ఆమెది. ఆస్పత్రిలో అందరికీ సిస్టర్, బిల్డింగ్‌లో తెలుగువాళ్లకి అక్క. రెండూ కలిపి సిస్టరక్క అయిపోయింది. ఐసీయూలో నర్సు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "అడిగినోడికి రాత్రి డ్యూటీలు పడవు, పడేవోడు అడగలేదు" అని నవ్వేసేది. ఊళ్లో చెల్లెళ్ల పెళ్లిళ్లు, తమ్ముడి చదువు అన్నీ ఆ డ్యూటీల మీదే నడిచాయని చాలా ఆలస్యంగా, అదీ వేరేవాళ్ల నోట విన్నాను.

ఊరగాయ జాడీ ముట్టుకోవాలన్నా మోచేతుల దాకా సబ్బుతో కడిగేది. నైటీకి కూడా గడియారం పిన్నుతో తగిలించుకునేది. నేను వచ్చిన కొత్తలో అన్నం ముందు పెట్టుకుని ఏడుస్తుంటే కంచం నా వైపు జరిపి, "ముందు తినేయ్. తిన్నాక ఎంతసేపైనా ఏడుద్దువుగాని, నేనూ కూర్చుంటాను" అంది. నేను తిన్నాను. ఆమె కూర్చుంది.

నేను చేరిన నెలలోపే ఒక శుక్రవారం మధ్యాహ్నం కునుకు తీస్తుంటే ఎవరో నా మణికట్టు పట్టుకున్నారు. ఉలిక్కిపడి లేచాను. సిస్టరక్క మంచం పక్కన నిలబడి నా చెయ్యి పట్టుకుని గడియారం వంక చూస్తోంది.

"ఏం జేస్తున్నవక్కా?" అని అరిచాను.

"ఏం లేదే, పడుకో. ఏసీ ఆగింది."

బిల్డింగ్ పాతది. ఏసీ తరచూ ఆగిపోయేది. అది ఆగినప్పుడల్లా ఎంత గాఢనిద్రలో ఉన్నా లేచేది. లేచి ఒక్కొక్క మంచం దగ్గరికి వెళ్లి మూడు వేళ్లు పెట్టి నాడి చూసేది. అందరూ బతికే ఉన్నామని తేలాక గాని మళ్లీ నడుం వాల్చేది కాదు. మిగతా అమ్మాయిలు నవ్వేవారు, నేనూ నవ్వేదాన్ని. తర్వాత ఒకసారి టీ తాగుతూ తనే చెప్పింది. కరోనా ఏడాది వార్డు నిండా వెంటిలేటర్లు. అవి మోగుతున్నంతసేపూ పని ఉన్నట్టు. ఒక్కోటి ఆపేసినప్పుడు ఆ మంచం దగ్గర వచ్చే నిశ్శబ్దం ఉంది చూశావా, అది చెవిలో దిగిపోయిందంది. అప్పట్నుంచి ఏ చప్పుడు ఆగినా ఎవరో పోయారనే అనిపిస్తుందట.

"చప్పుడాగిన చోట భయం లేకుండా ఒక్కసారి కూర్చోవాలే నేను. రిటైరయ్యేలోగా. లేపోతే ఇంటికెళ్లినా ఇదే తంతు. మా తమ్ముడి పిల్లలు జడుసుకుంటారు" అంది.

అందుకు ఆమె ఎంచుకున్నది అలాస్కా ఓడ ప్రయాణం. అలాస్కాయే ఎందుకయ్యా అంటే, ఆ కరోనా ఏడాదే ఆమెను క్వారంటైన్‌కని హోటల్ గదిలో ఒంటరిగా ఉంచినప్పుడు టీవీలో ఒక ఓడ అక్కడి మంచు కొండల మధ్య నుంచి పోతూ కనిపించిందట. మాటల్లేవు, పాటల్లేవు. అదే మనసులో పడిపోయింది.

"నిశ్శబ్దమే గావాలంటే గీ పక్కనే ఎడారున్నది గదక్కా" అన్నాను.

"ఎడారికెళ్తే బండి ఇంజిను, డప్పులు, డాన్సులు, జనరేటరు. అదాపితే ఉడికి చస్తాం. గమ్మునుండు" అంది.

మాకు సొంత మనుషులంటూ ఇక్కడ వేరే ఎవరూ లేరు కాబట్టి సెలవులు కలుపుకుని ఇద్దరమే బయల్దేరాలనుకున్నాం. ఓడ ఎక్కడం తేలికే. రేవు వచ్చినప్పుడల్లా ఓడ దిగి ఏం చూడాలన్నదే అసలు పని. ఒక్కో ఊళ్లో ఓడ కొన్ని గంటలే ఆగుతుంది. ఆ కాస్తలోకి హెలికాప్టర్లని, కుక్కల బళ్లని, రైళ్లని, తిమింగలాల పడవలని పేజీలకు పేజీలు. ఫొటోలన్నీ ఒకదాన్ని మించి ఒకటి. నేను ప్రతిదానికీ "ఇది మంచిగున్నది" అనేదాన్ని. ఆమె మాత్రం కొత్త పేషెంటుని కూర్చోబెట్టి వివరాలు అడిగినట్టు ఒక్కోదాన్ని నిలదీసేది. ఎంతమందిని తీసుకెళ్తారు? బస్సులో ఎంతసేపు, చూసే చోట ఎంతసేపు? ఓడ మీద నుంచే కనిపించేదానికి మళ్లీ వేరే టికెట్టు ఎందుకు? ఓడవాళ్ల ద్వారా వెళ్తే మనం ఆలస్యమైనా ఓడ ఆగుతుంది, బయటవాళ్లతో వెళ్తే ఆగదు కదా, మరి మీరు ఎంత ముందుగా రేవుకి చేరుస్తారు? చివరికి ఎప్పుడూ ఒకటే ప్రశ్న. ఇంజిన్ ఆపుతారా?

ఈమెయిళ్లు రాయడం నా వంతు. ఆఫీసు అలవాటు కొద్దీ "కైండ్లీ కన్‌ఫర్మ్" అని పెట్టేదాన్ని. "అడిగితే వాళ్ల నోరూ అరగదు, మన నోరూ అరగదు, రాయవే" అనేది. హెలికాప్టర్ వాళ్లు, గాలిలో ఉండగా ఆపమండీ అని సరదాగా జవాబిచ్చారు. అది చదివి పొట్ట పట్టుకుని నవ్వింది, నవ్వుతూనే "ఖలాస్, దాన్ని తీసెయ్" అంది. పెద్ద పడవలవాళ్లు ఫొటోల గురించి, ఫలహారాల గురించి రాశారు గానీ ఇంజిన్ గురించి రాయలేదు. చివరికి జూనో అనే ఊళ్లో సొంతంగా చిన్న పడవ నడుపుకునే ఒక పెద్దావిడ రెండు వాక్యాలు రాసింది. ఆపుతాను, గాలి ఒప్పుకుంటే. మీరు మాట్లాడకుండా ఉండగలిగితే ఎక్కువసేపు ఆపుతాను. అక్క ఆ జవాబు నా చేత మళ్లీ మళ్లీ చదివించుకుంది.

మీలో ఎవరైనా ఆ వైపు వెళ్తే ఆమె మాట గుర్తుంచుకోండి. ఫొటో చూసి కాదు, నిన్ను ఎక్కడ, ఎంతసేపు ఊరికే వదిలేస్తారో అడిగి ఎంచుకో. ఒక్క రేవు ఖాళీగా ఉంచుకో. అలా కెచికాన్ అనే ఊరిని ఏమీ పెట్టుకోకుండా వదిలేశాం. అక్కడ వానలో ఒక చెక్క వంతెన మీద నిలబడి కింద ఏటికి ఎదురీదే చేపల్ని చూశాం, అంతే. ఆమె ఊపిరాడనంత సంబరపడి, ఏ చేపకి ఏ పులుసో చెబుతూ కూర్చుంది.

స్కాగ్వేలో రైలు మాత్రం నా ఎంపిక. పట్టుబట్టి ఒప్పించాను. దుబాయ్‌లో ఎడారి సఫారీకి అలవాటు పడ్డ ప్రాణాలం కదా, ఇంటి దగ్గర ఎక్కించుకుని, అక్కడ కడుపునిండా తిండి పెట్టి, మళ్లీ ఇంటి దగ్గర దించుతారని నా ధీమా. పొద్దున ఏమీ తినకుండా బయల్దేరదీశాను. రైల్లో టీ చుక్క లేదు. అద్దాలన్నీ మసకబారాయి. దారి పొడుగునా మైకులో ఎవరో చెబుతూనే ఉన్నారు, ఎడమ పక్క చూడండి, కుడి పక్క చూడండి అని. నా మొహం మాడిపోయింది. అక్క బ్యాగులోంచి దుబాయ్ కరామాలో కొన్న జంతికల ప్యాకెట్టు తీసి నా ఒళ్లో పెట్టింది. "సఫారీ భోజనం, యల్లా, తిను" అని చెప్పి, మైకు మోగుతున్నంతసేపూ హాయిగా నిద్రపోయింది. చప్పుడుంటే ఆమెకు నిద్రకేం కొదవ లేదు.

మర్నాడు జూనో. చిన్న పడవ, మేమిద్దరం, ఒక ముసలి దంపతులు, నడిపే పెద్దావిడ. సన్నని జల్లు. ఎన్ని స్వెటర్లు వేసుకున్నా పళ్లు టకటకలాడుతున్నాయి. చాలా దూరం పోయాక ఆవిడ మా వైపు తిరిగి నోటి మీద వేలు పెట్టి చూపించి, ఇంజిన్ ఆపేసింది.

అలాంటి నిశ్శబ్దం నేను ఎన్నడూ ఎరగను. మొదట చెవులు గుయ్‌మన్నాయి. తర్వాత అదీ లేదు. నీళ్లు, మబ్బు, దూరంగా మంచు, అంతే. నాకే గుండె జారింది. పక్కన సిస్టరక్క ఎలా ఉందోనని చూద్దామనుకునేలోపే నా గ్లవ్ కిందుగా ఆమె వేళ్లు దూరాయి. మూడు వేళ్లు, నా మణికట్టు మీద. మంచుముక్కల్లా ఉన్నాయి. ఆమె పెదాలు కదులుతున్నాయి, లెక్కపెడుతోంది. మొహం పాలిపోయింది. ఇంత దూరం వచ్చింది, ఇన్ని ఉత్తరాలు రాయించింది, ఇక్కడ కూడా భయమే కాచుకుని కూర్చుందా అని నాకు దుఃఖం వచ్చింది. ఇంజిన్ వెయ్యమని ఆ పెద్దావిడతో చెబుదామా అనుకున్నాను.

అప్పుడు పడవకి దగ్గర్లో నీళ్లు విచ్చుకుని పెద్ద ఊపిరి వినపడింది. ఎవరో మహా అలసిపోయిన మనిషి లోపల దాచుకున్నదంతా ఒక్కసారి వదిలేసినట్టు. తిమింగలం నల్లటి వీపు తేలింది, మునిగింది. కాసేపు ఏమీ లేదు. నా చెయ్యి మీద వేళ్లు ఇంకా గట్టిగా నొక్కుకున్నాయి. మళ్లీ ఊపిరి. మళ్లీ ఏమీ లేదు. మళ్లీ ఊపిరి.

"ఉందే" అంది సిస్టరక్క. "చప్పుడాగినా ఊపిరుంది."

ఆ ఊపిరి తుంపర గాలికి మా మీదకి వచ్చింది. భరించలేని నీచు కంపు. ముసలి దంపతులు ముక్కులు మూసుకున్నారు. అక్క మాత్రం గుండెల నిండా పీల్చి, "మా రేవు వాసనే ఇది! ఇంత దూరం రావాలా దీనికి" అంది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, నవ్వుతోంది. అప్పుడు నా మణికట్టు వదిలేసి, చెయ్యి తీసి తన ఒళ్లో పెట్టుకుంది. ఆ పెద్దావిడ చాలాసేపటి దాకా ఇంజిన్ వెయ్యలేదు. అక్క చెయ్యి మళ్లీ నా వైపు రాలేదు.

తిరిగి వచ్చాక ఒక మధ్యాహ్నం సత్వాలో ఏసీ ఆగింది. ఉక్కకి మెలకువ వచ్చి చూస్తే సిస్టరక్క మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. కదలడం లేదు. పరిగెత్తి వెళ్లి ఆమె మణికట్టు పట్టుకున్నాను. నాడి ఎక్కడుంటుందో కూడా నాకు సరిగా తెలియదు. కళ్లు తెరవకుండానే, "బతికే ఉన్నానే, పడుకో" అంది.

అంతకన్నా ఆనందం నాకు ఈ ఊళ్లో ఇంకోటి దొరకలేదు.

రిటైరై వీసా క్యాన్సిల్ చేయించుకుని వెళ్లిపోయింది. వెళ్లేముందు ఊరగాయ జాడీ నాకిచ్చి, చేతులు కడుక్కోకుండా ముట్టుకుంటే ఊరుకోనని బెదిరించింది. తర్వాత వారానికోసారి వాయిస్ మెసేజ్ వచ్చేది, వెనకాల కాకులు, ప్రార్థన మైకు, తమ్ముడి పిల్లల కేకలు. "కరెంటు పోతే నేను లేవట్లేదని మా మరదలు వింతగా చెప్పుకుంటోందే" అని ఒకసారి పంపింది. అందుకే ఆ పొద్దున బస్సులో, ఫ్యాన్ ఆగినా వదినగారు లేవలేదని వినగానే నాకు సంతోషం వేసింది. హాయిగా పడుకుందనుకున్నాను. వాళ్లూ అలాగే అనుకున్నారట, తెల్లగా తెల్లవారేదాకా. పక్కన ఎవరైనా నాడి పట్టుకుని ఉంటే బాగుండేదని నాకు రోజూ అనిపిస్తోంది. అనిపించి ఏం లాభం.

చివరి చూపుకి వెళ్లలేకపోయాను. సెలవు దొరకలేదు. ఇక్కడి తెలుగు ఆరాధనలో ఆమె కోసం ప్రార్థన చేస్తే, వాళ్ల పాటలు రాకపోయినా వెనక వరుసలో నిలబడి వచ్చాను. ఆమె గురించి ఎవరితో మాట్లాడాలో తెలియడం లేదు. ఈ ఫ్లాటులో ఇప్పుడున్నవాళ్లెవరూ ఆమెను చూసినవాళ్లు కాదు. అందుకే మీకు చెబుతున్నాను.

ఆమె మంచం మీదికి కాకినాడ నుంచి ఒక కొత్త నర్సు వచ్చింది. నైట్ డ్యూటీ చేసి వచ్చి, బూట్లయినా సరిగా విప్పకుండా పడిపోతుంది. మా ఇద్దరికీ ఇంకా మాటలు కలవలేదు. నిన్న మధ్యాహ్నం గదిలో మేమిద్దరమే ఉండగా ఏసీ ఆగింది. గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. నేను ఎప్పుడు లేచానో నాకు తెలియదు. చూసుకునేసరికి ఆ పిల్ల మంచం పక్కన నిలబడి ఉన్నాను. నా మూడు వేళ్లు ఆమె మణికట్టు మీద ఉన్నాయి. కొట్టుకుంటోంది. ఏసీ మళ్లీ వచ్చేదాకా నేను చెయ్యి తియ్యలేదు.