సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకున్న మేనేజరు

హోసూరు ఫ్యాక్టరీలో మా మేనేజరుకు బైకు తాళంతో చెవి గెలుక్కునే అలవాటు. ఆ గులిమిని టేబులు అంచుకు రాసి, అదే చేత్తో నా ల్యాప్‌టాప్ ముట్టుకునేవాడు. ఆయన అటు పోగానే నేను గుడ్డతో తుడుచుకునేదాన్ని.

రేకులు నొక్కి వంచే కొత్త ప్రెస్సు మిషన్లకు నేను మాన్యువల్ రాయడానికి సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలి. ఆయనకు నచ్చినదాంట్లో తెలుగు, తమిళం రాస్తే అక్షరాలకు బదులు ఖాళీ గళ్లు వస్తున్నాయి. మిషన్ల దగ్గర పనిచేసేవాళ్లలో చాలామందికి ఆ రెండు భాషలే వచ్చు.

"సార్, చెయ్యి యాడ పెట్టకూడదో వాళ్లకెట్ల తెలుస్తుంది?" అన్నాను.

"ఇంగ్లీషులోనే పెట్టమ్మా. చదువొచ్చినోడు ప్రెస్సుకాడికి యాలొస్తాడు?" అన్నాడు.

మీటింగు గదిలో అందరూ నవ్వారు. మరునాడు మా పాపకు టీకా వేయించాలి, సెలవు ఆయనే ఇవ్వాలి. నేనూ నవ్వాను, కాస్త గట్టిగానే.